మంచం మీంచి పలకని పెట్టె

అనూహ్యా, ఆ ఫోను బోర్లా పెట్టి ఇలా అమ్మమ్మ మంచం మీదకి రా. ఇంకా దగ్గరికి. కాళ్లు పైకి పెట్టుకో, నేల చల్లగా ఉంది. నువ్వు ముఖర్జీ నగర్‌లో నీ గదిలో కూర్చుని, కోదండం తాతయ్య వీడియో చూసి మూడు నవ్వు బొమ్మలు పంపావు. నేను చూశాను. తిట్టడానికి పిలవలేదులే. ఆ రోజు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో ఈగ పడ్డట్టుంటుంది. అందుకే ఆ వీడియోలో లేనిది చెబుతాను, విను.

కోదండరామయ్య నాకు ఒక్కగానొక్క తమ్ముడు. పటాలంలో వంటవాడు. ఇరవై నాలుగేళ్లు, మంచు కొండల మీదా ఇసుక దిబ్బల్లోనూ, మూడేసి వందల మందికి వండి పెట్టాడు. భార్య పార్వతి పోయాక కొడుకు తిరుమలేష్ ఫరీదాబాద్ రమ్మని ఎన్నిసార్లు పిలిచినా వెళ్లలేదు. జనక్‌పురిలోనే, మన వెనక గల్లీలో, రెండో అంతస్తులో ఒక గదీ ఒక వంటిల్లూ. "నా పొయ్యి నా దగ్గరుంటే చాలక్కా" అనేవాడు. డెబ్బై ఆరేళ్ల మనిషికి అదే సంసారం. పొద్దున్నే స్నానం చేసి, టేపు రికార్డరులో హరికథ పెట్టి, మంచం మీద కూర్చుని కూరలు తరిగేవాడు. మోకాళ్లు సహకరించవు కదా, తరుగుడంతా మంచం మీదే. హరిదాసు మొదటి పద్యం ఎత్తుకుంటే బియ్యం కడగాలి, పిట్టకథలోకి దిగితే పప్పు దించాలి. వాడి వంటింటికి గడియారం అదే.

పోయిన వానాకాలంలో ఆ టేపు రికార్డరు చచ్చిపోయింది. బాగుచేసేవాడు తిప్పి తిప్పి చూసి, "మాతాజీ, దీన్ని అజాయబ్‌ఘర్‌లో పెట్టండి" అని, మ్యూజియం సరుకన్నట్టు పళ్లికిలించాడు. తిరుమలేష్ మంచివాడే, ఆ మాట ఒప్పుకోవాలి. క్యాసెట్లన్నీ ఎక్కడో ఇచ్చి, బొటనవేలంత పెన్ డ్రైవులోకి ఎక్కించి తెచ్చాడు. టీవీకి తగిలించడానికి ఒక పెట్టె కూడా కొనుక్కొచ్చాడు.

ఆ మొదటి పెట్టె సంగతి చెబితే నీకు అన్నం సయించదు. తగిలించగానే "చూస్తున్నది ఎవరు?" అని అడిగింది. సొంత ఇంట్లో, సొంత మంచం మీద కూర్చున్న మనిషిని! ఫోను నంబరు అడిగింది. పుట్టిన తేదీ అడిగింది. అన్నీ చెప్పుకున్నాక, హరికథ మొదలవబోతుండగా పాయిఖానా తొట్టి చూపించింది. కడిగే మందు అమ్ముకోవాలట. తెల్లటి తొట్టి, అందులో నీలం నీళ్లు గిర్రున తిరుగుతున్నాయి. కోదండం అప్పుడే పప్పన్నం కలుపుకున్నాడు. ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అక్కా, ఇది ఇలాగే రోజూ చూపిస్తుందా?"

"అది యాడ్ నాన్నా. ఐదు సెకన్లు ఆగితే పోతుంది" అన్నాడు తిరుమలేష్.

"చీ! ఐదు సెకన్లు నీ కంచం ముందు పెట్టుకో" అన్నాను నేను. "తీసుకెళ్లి వెనక్కి ఇచ్చెయ్. దీనికి పెట్టె నేను తెస్తాను."

"నువ్వా అత్తా? నీకు హెచ్‌డిఎమ్‌ఐ అంటే తెలుసా?"

"తెలీదురా. వంకాయలో పురుగుందో లేదో తెలుసు."

బజారుకి వెళ్లాను. కొట్టువాడు ఒకదాని తరవాత ఒకటి మూడు పెట్టెలు తీశాడు. అన్నింటికీ ఒకటే పాట, "ఇస్మే సబ్ కుఛ్ ఆతా హై, అమ్మాజీ." ఆ సబ్ కుఛ్‌లో, అంటే ఆ అన్నింటిలో, ఏమేం వస్తాయో నేను చూసే వచ్చాను కదా. మా అమ్మ కుండ కొనేటప్పుడు కళ్లు మూసుకుని, వేలు ముడిచి కొట్టి, చెవి పెట్టేది. రంగు చూసి కొనొద్దనేది. నేను ఆ కొట్టువాడితో, "భయ్యా, నువ్వు కళ్లు మూసుకుని పాట పెట్టు. నీకు వస్తే నా తమ్ముడికీ వస్తుంది" అన్నాను. నవ్వాడు. మూసుకున్నాడు. మొదటిదాంట్లో ఎక్కడో ఇరుక్కుపోయాడు. రెండోదాంట్లో దేనికో నెల నెలా డబ్బు కట్టబోయి కళ్లు తెరిచాడు. మూడోది వాడినే "మీరెవరు?" అంది. చివరికి వెనక అరలోంచి, దుమ్ము పట్టినది ఒకటి తీశాడు. సబ్బుపెట్టె అంత ఉంది. నల్లగా ఉంది. వెనక పెన్ డ్రైవు గుచ్చితే చాలు. రిమోటుకి ఎనిమిదే మీటలు. కళ్లు మూసుకుని నొక్కాడు, పాడింది.

"ఇది ఎవరూ కొనరు అమ్మాజీ, ఇందులో ఏమీ రాదు" అన్నాడు.

"ఆ ఏమీ రానిదే కట్టు నాయనా" అన్నాను.

గురువారం సాయంత్రం కొట్టువాడే వచ్చి టీవీకి తగిలించాడు. పాట పెట్టే మీట మీద నేనే ఎర్రగా గోళ్లరంగు వేశాను. కోదండం మంచం మీంచే నొక్కాడు. హరిదాసు అందుకున్నాడు. వాడి మొహం చూడాల్సింది నువ్వు! మర్నాడు శుక్రవారం. వాడు స్నానానికి వెళ్లినప్పుడు నేను వెళ్లి, దేవుడి పటాలకి బొట్లు పెట్టి, పెట్టెకీ పెట్టాను. కొత్త వస్తువు ఇంట్లోకొస్తే పసుపూ కుంకుమా పెట్టకుండా వాడతామా? ఫ్రిజ్జుకి పెట్టాం, స్కూటరుకి పెట్టాం. నీ లాప్‌టాప్‌కి పెట్టబోతే నువ్వే "నానీ, ప్లీజ్" అని లాక్కున్నావు. పెట్టెకి ముందువైపు, సరిగ్గా మధ్యలో, గాజుముక్కలా నున్నగా మెరిసే చోటు ఒకటుంది. నుదురు అంటే ఇదే అనుకున్నాను. పసుపు ముద్దగా తడిపి, దళసరిగా మెత్తి, మీద కుంకుమ అద్దాను. దణ్ణం పెట్టుకుని వచ్చేశాను.

మధ్యాహ్నం ఫోను చేశాడు. "అక్కా, అది పాడటం లేదే."

వెళ్లాను. టీవీ పక్కన నిలబడి నొక్కాను. పాడింది. "ఇదిగో, పాడుతోందిగా! నీ తెలివి చూసే పటాలంలో తుపాకీ ఇవ్వకుండా గరిటె ఇచ్చారు" అన్నాను. వాడూ నవ్వాడు. నేను వచ్చేశాక మళ్లీ పాడలేదట. మళ్లీ చెప్పుకోవడానికి వాడికి సిగ్గేసింది.

ఆదివారం తిరుమలేష్, వాడి భార్య సాయిసుధ వచ్చారు. తిరుమలేష్ టీవీ దగ్గర నిలబడి నొక్కితే పలికింది. సుధ నొక్కితే పలికింది. మంచం మీద కోదండం నొక్కితే పలకలేదు. వాడు రిమోటుని రెండు చేతులతో, పూలు పట్టుకున్నట్టు పట్టుకుని, "పాడమ్మా. ఒక్కసారి పాడు తల్లీ. నేనేం తప్పు చేశాను?" అన్నాడు. అదే నువ్వు చూసిన వీడియో. "మా నాన్న మీద పెట్టె అలిగింది" అని రాసి గ్రూపులో పెట్టాడు తిరుమలేష్. పాలకొల్లు నించి పూణే దాకా నవ్వారు. నేను అక్కడే, ఆ గదిలోనే, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. వీడియో చివర వినపడే కిచకిచ నాదే.

సుధ మాత్రం నవ్వలేదు. "ఇది నవ్వులాట కాదండీ. గురువారం నేర్చుకున్నది శుక్రవారానికి మర్చిపోయారు. రేపు గ్యాస్ కట్టడం మర్చిపోతే? కింద రెండు కాపురాలున్నాయి" అంది. ఆ పిల్లది చెడు బుద్ధి కాదు. భయం.

"కరెక్టే" అన్నాడు తిరుమలేష్. "నాన్నా, వచ్చే ఆదివారం సిలిండరు తిరిగి ఇచ్చేద్దాం. నువ్వు మాతో ఫరీదాబాద్ వచ్చెయ్. అక్కడ నీకు వంట పనే ఉండదు."

వంట పనే ఉండదు! ఆ మాట మీ తాతయ్యతో! వాడు నా మొహం కేసి చూశాడు. అక్క ఏమైనా అంటుందేమో అని. నేను అనలేదు. నాకూ అనుమానం పట్టుకుంది కదా.

బుధవారం వెళ్లేసరికి పొయ్యి పక్క గోడ మీద సుద్దతో గీతలున్నాయి. "ఏంట్రా ఇవి?" అన్నాను. "పప్పులో ఉప్పు వేసినప్పుడల్లా ఒక గీత గీస్తున్నానక్కా. రెండోసారి వేసేస్తానేమోనని" అన్నాడు. మూడు వందల మంది కూరకి గుప్పిటతో ఉప్పు వేసి, రుచి చూడకుండా దించిన చెయ్యి అది. పప్పు తిన్నాను. ఎప్పటిలాగే ఉంది. "బాగుందా? నిజం చెప్పు" అని మూడుసార్లు అడిగాడు.

శుక్రవారం వచ్చింది. వాడు మంచం మీద కూర్చుని బెండకాయలు తరుగుతున్నాడు. పోయిన వారం బొట్టు తుడిచి కొత్తది పెట్టాలి కదా. తడిగుడ్డతో పెట్టె నుదురు శుభ్రంగా తుడిచాను. పసుపు కలుపుకొద్దామని వంటింట్లోకి వెళ్లాను. వెనక నించి హరిదాసు గొంతు!

"పెట్టావా?" అని కేకేశాను.

"ఊరికే నొక్కానక్కా. అలవాటుగా."

"మంచం మీంచేనా?"

"మంచం మీంచే."

ఆపి మళ్లీ నొక్కమన్నాను. పాడింది. మళ్లీ ఆపించి, చేతిలో ఉన్న పసుపు ముద్ద తెచ్చి ఆ గాజుముక్క మీద మెత్తాను. నొక్కమన్నాను. మూగబోయింది. తుడిచాను. పాడింది. అది నుదురు కాదే, కన్ను. రిమోటు ఏం చెబుతోందో అది అక్కణ్ణించే చూస్తుందట. దగ్గరగా నిలబడితే ముసుగులోంచి కూడా ఎలాగో ఆనుతుంది, దూరం నించి ఆనదు. ఆ ముసుగు వేసింది నేను.

నా మీద నాకు ఎంత రోత పుట్టిందంటే, ఆ పసుపు చేతుల్ని సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. ఇంకా రోత ఏమిటో చెప్పనా? ఆ చేతులు కడుక్కుంటూ ఒక ఆలోచన చేశాను. బొట్టు మాట ఎత్తకుండా ఊరుకుంటే సరి, పెట్టె దానంతటదే బాగుపడిందంటారు. చిన్నప్పుడు ఇలాగే చేశాను. ఆవకాయ జాడీ మీద మూత పెట్టకుండా వదిలేసింది నేను, జాడీ అంతా బూజు పడితే దెబ్బలు తిన్నది కోదండం. వాడికి ఆరేళ్లు. నేను తలుపు వెనక నిలబడి చూశాను. ఇన్నేళ్లయినా వాడికి చెప్పలేదు. ఇంకోసారి ఆ తలుపు వెనక నిలబడాలా?

ఆదివారం తిరుమలేష్, సుధ సిలిండరు కోసం వచ్చారు. నేను ముందే వెళ్లి పెట్టెకి దళసరిగా బొట్టు పెట్టి కూర్చున్నాను.

"తిరుమలేష్, ఆ మంచం మీద కూర్చో. హరికథ పెట్టు."

"ఇప్పుడెందుకత్తా? కింద ఆటో ఆగి ఉంది."

"ఉండనీ. కూర్చో."

కూర్చుని నొక్కాడు. పలకలేదు. చెయ్యి చాచి నొక్కాడు. అరచేతి మీద కొట్టి నొక్కాడు. "సెల్లులు అయిపోయాయి" అన్నాడు.

"నిన్న మార్పించాను. నీకు మతిమరుపు వచ్చిందేమో. సుధా, ఫోను తియ్యమ్మా, వీడియో తియ్యి. రేపు మీ ఇంట్లో గ్యాస్ కూడా తీసేద్దాం."

సుధ మొహం ఎర్రబడింది. అప్పుడు తడిగుడ్డతో బొట్టు తుడిచి, రిమోటు కోదండం చేతికిచ్చాను. మంచం మీంచి నొక్కాడు. హరిదాసు గొంతెత్తాడు. "బొట్టు పెట్టింది నేను. అందరి ముందూ నవ్వింది నేను. వీడు ఏదీ మర్చిపోలేదు" అన్నాను.

తిరుమలేష్ తల గోక్కున్నాడు. "ఓహ్, సెన్సారుకి అడ్డం పడింది. ఇంతేనా?" అన్నాడు. ఇంతేనా! వారం రోజులు మనిషి ఉప్పుకి గీతలు గీసుకుంటే, ఇంతేనా! నాన్న చెయ్యి పట్టుకోలేదు, తప్పయిందనలేదు. గ్రూపులో బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి, "ప్రాబ్లం సాల్వ్డ్" అని రాశాడు. ఏం ప్రాబ్లమో, ఎవరి వల్ల వచ్చిందో రాయలేదు. సుధ మాత్రం కిందకి వెళ్లి, ఆటోవాణ్ణి ఖాళీగా పంపేసి వచ్చి, "మామయ్యగారూ, టీ పెడతారా?" అంది. అడగడమంటే అదీ.

కోదండం మంచం దిగి వంటింట్లోకి వెళ్లాడు. టీ నీళ్లు పొయ్యి మీద పెట్టి, "అయితే అక్కా, పప్పులో ఉప్పు నేను ఒక్కసారే వేస్తున్నానా?" అన్నాడు.

"ఒక్కసారేరా."

తడిగుడ్డ తీసుకుని గోడ మీద గీతలన్నీ తుడిచేశాడు. "బొట్టు మానకు, కన్ను వదిలి పక్కన పెట్టు" అన్నాడు. ఆవకాయ జాడీ సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. "నాకు అప్పుడే తెలుసులే" అన్నాడు. చూశావా, మతిమరుపట వాడికి!

మొన్న కంటోన్మెంటులో ఒక సీమంతానికి వెళితే, ఎవరో ఆవిడ, "పెట్టెని బతిమాలుకున్న అంకుల్ మీ తమ్ముడేనా ఆంటీ?" అని నవ్వింది. నాకు అక్కడి లడ్డూ చేదయింది. ఆ వీడియోకి కాళ్లున్నాయి, అసలు సంగతికి లేవు. నేనా, ఫోనులో రాయడం రాని దాన్ని. నువ్వు చదువుకున్నావు, పది మందిలో తిరుగుతావు. ఆ వీడియో చూసి నవ్విన వాళ్లు ఎదురైతే, నేను చెప్పినట్టే చెప్పు. సుద్దగీతలు మర్చిపోకు. బొట్టు పెట్టింది గౌరి అని నా పేరు పెట్టి మరీ చెప్పు. ఏదీ, ఒకసారి నాకు చెప్పి చూపించు. మొదటి నించీ.