వెనక సీటు లేని బండి

నేను ఒక రెండు తలుపుల కారుని. ఎర్రటి ఒళ్ళు, నేలకి జానెడు ఎత్తు, ఇద్దరికే చోటు. నా జాతిని కూపే అంటారు. పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. అక్కడ తెల్ల చేతితొడుగులు వేసుకున్న పెద్దమనుషులు నా తలుపు వేసి, తీసి, మళ్ళీ వేసి, ఆ చప్పుడు హుందాగా ఉందో లేదో చెవులు రిక్కించి విన్నారు. నున్నటి రోడ్డు మీద నన్ను పరిగెత్తించినాయన దిగి, చెదిరిన జుట్టు సర్దుకుని, తృప్తిగా తల ఊపాడు. ఇంత వేగంగా పోయేదాన్ని ఏ దేశానికి పంపుతారో అనుకున్నాను. ఓడ ఎక్కించి, దింపి, లారీ ఎక్కించి హైదరాబాదు పంపారు.

అక్కడ నన్ను కొన్నాయన ఇళ్ళస్థలాలు అమ్మేవాడు. నా ఉద్యోగం ఏమిటంటే, ముళ్ళకంపలు కొట్టించిన పొలాల ముందు నిలబడడం. నన్ను చూసి జనం అక్కడికి రోడ్డు కూడా వస్తుందని నమ్మేవారు. స్పీడ్ బ్రేకర్ మీద నా పొట్ట గీరుకున్నప్పుడల్లా ఆయన విలవిల్లాడిపోయేవాడు. నా మీద జాలితో అనుకునేరు, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో. ఆ ముచ్చట తీరాక నన్ను విశాఖపట్నంలో తాతాజీకి అమ్మేశాడు. తాతాజీ పాత కార్ల వ్యాపారి. నోరు తెరిస్తే నా గుర్రపు శక్తి గురించే మాట్లాడేవాడు. వచ్చినవాళ్ళు అంతా విని, మైలేజీ ఎంత, బియ్యం బస్తా పడుతుందా అని అడిగి, మజ్జిగ తాగి వెళ్ళిపోయేవారు.

నా పక్కన ఒక నీలం బండి ఉండేది. అదీ కూపేయే. కాకపోతే దానికి ఇంజను ముందు ఉంటుంది, వెనక పేరుకి ఒక సీటు ఉంటుంది. సీటంటే సీటు కాదు, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునే పీట. దానికే ఆ నీలందానికి ఎంత మిడిసిపాటో! నా వెనక ఉన్నది ఇంజను. అంతకన్నా ఏం కావాలంటాను?

ఒక పొద్దున భానోజీరావు అనే ఆయన ఒక్కడే వచ్చాడు. భీమిలి దగ్గర అన్నదమ్ములు కలిసి రొయ్యపిల్లల హ్యాచరీ నడుపుతున్నారట. నెత్తి మీద సగం జుట్టు, చొక్కా జేబులో రెండు కళ్ళజోళ్ళు. తాతాజీ గుర్రాల పురాణం ఎత్తుకున్నాడు. ఆయన వినలేదు. లోపలికి వంగి, సీట్ల వెనక గోడని వేళ్ళతో తట్టి చూశాడు.

"దీని వెనకాల ఏముందండీ?"

"ఇంజనండి."

"తర్వాతెప్పుడైనా ఇక్కడ సీటు పెట్టించుకోడానికి కుదురుతుందా?"

"క్షమించాలండి, అది అసలు కుదరదండి," అన్నాడు తాతాజీ, బేరం పోయిందనుకుని.

ఆయన మొహం మతాబాలా వెలిగిపోయింది. తర్వాత నీలం బండి చూశాడు.

"దీంట్లో వెనక సర్దుకుంటే ఇద్దరు పడతారండి," అన్నాడు తాతాజీ హుషారుగా.

"సర్దుకుంటే," అన్నాడు భానోజీ దిగులుగా. "మావాళ్ళు సర్దుకుంటారండీ."

తర్వాత నాలో కూర్చుని, స్టీరింగ్ పట్టుకుని అసలు సంగతి చెప్పాడు. ఇంట్లో ఎనిమిది మంది ఎక్కే పెద్ద బండి ఉంది. నడిపేది ఈయనే. పక్క సీటు పైడమ్మది. పైడమ్మ ఈయన అక్క, ఈయన పిలుపులో అప్ప. తల్లి పోతే తమ్ముళ్ళిద్దరినీ తనే పెంచింది, మొగుడు పోయాక వాళ్ళతోనే ఉండిపోయింది. వెనక కూర్చుంటే ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. కాబట్టి ముందు సీటు ఆవిడదే, అందులో వాదం లేదు. భానోజీ భార్య కనకమహాలక్ష్మి చోటు చివరి వరసలో, ఒళ్ళో క్యారేజీతో.

"మా పెళ్ళయి పాతికేళ్ళు దాటింది తాతాజీ గారూ. ఒక్కసారీ నా పక్కన కూర్చోలేదు. అప్పని వెనక్కెళ్ళమని చెప్పే నోరు నాకు లేదు. అందుకే వెనకన్నది లేని బండి కావాలి."

ఇన్ని గుర్రాలు పెట్టుకుని, నేను నచ్చింది నాలో లేనిదాన్ని బట్టా! కోపం వచ్చింది. అయితే ఆయన గొంతు విన్నాక ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు.

మర్నాడు రెండు బండ్లనీ పోల్చి చూడడానికి ఇంటిల్లిపాదీ దిగారు. ఇద్దరు కూర్చునే బండి కొనడానికి ఏడుగురు వచ్చారు. ముందు తలుపు తీసుకుని పైడమ్మ దిగింది, మధ్యలోంచి తమ్ముడూ మరదలూ పిల్లలూ దిగారు, అందరికన్నా ఆఖరున క్యారేజీ పట్టుకుని కనకం దిగింది. పరీక్ష మొదలైంది. తమ్ముడు రెండిటి టైర్లనీ కాలితో తన్నాడు. మరదలు రెండిటి అద్దాల్లోనూ బొట్టు సరిచేసుకుంది. పిల్లలు నీలందాని వెనక సీట్లో దూరి, పైకి రాలేక, అదే బాగుందని కేకలు పెట్టారు. ఓట్లన్నీ నీలందానికే.

పైడమ్మ మాత్రం నా తలుపు తీయించి కూర్చుంది. వెనక్కి వాలింది.

"ఒరే భానోజీ, ఇదే బాగుందిరా. ఊయల్లా ఉంది. ఇందులో నాకు కళ్ళు తిరగవు. ఇదే తీసుకో. మనిద్దరం ఇందులో వచ్చెస్తాం, మిగతావాళ్ళు పెద్ద బండిలో వస్తారు."

భానోజీ మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపం, వెనక సీటు లేకుండా చూసుకున్నాడే గాని, ముందు సీటు సంగతే ఆలోచించలేదు! ఇప్పటిదాకా కనకం వెనకాలైనా ఉండేది. నన్ను కొంటే ఆవిడ వేరే బండిలోకే పోతుంది. తాతాజీ అప్పుడే స్వీట్ల డబ్బా విప్పాడు.

"వద్దులెండి," అన్నాడు భానోజీ. "నీలందే ఇచ్చెయ్యండి."

"అదేటిరా? రాత్రంతా ఎర్రబండి ఎర్రబండి అని కలవరించావు కదా!" అంది పైడమ్మ.

"నీలందైతే కనకం కూడా వస్తాది."

"కనకానికి పెద్ద బండి లేదేటి?"

భానోజీ కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అప్పా, ఇది కొందామనుకున్నదే కనకం కోసం. ఒక్కసారి దాన్ని నా పక్కన కూర్చోబెట్టుకుందామని. నువ్వు కూర్చున్నాక దిగమనలేను. అందుకే నీలంది."

తమ్ముడు టైరు తన్నడం ఆపాడు. పైడమ్మ నా సీట్లో కదలకుండా కూర్చుంది. కనకం తల దించుకుని క్యారేజీ గొళ్ళెం బిగిస్తోంది. అది ముందే బిగించి ఉంది.

"ఏటే కనకం, ఇన్నేళ్ళూ నోరు తెరిచి ఒక్క మాట చెప్పకూడదా?"

"మీకు కళ్ళు తిరుగుతాయి కదా వదినా."

పైడమ్మ ముందుకి వంగి లేవబోయింది. నా సీటు పాతాళంలో ఉంటుంది, దాంట్లోంచి లేవడం మాటలు కాదు. కనకమే చెయ్యిచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని పైకి లేచి, పైడమ్మ ఆవిడ చేతిలో క్యారేజీ లాక్కుంది.

"కళ్ళు తిరిగితే తిరిగాయి, కొంపలేం మునగవు. ఎక్కు."

నన్నే కొన్నారు. ఇంటికి తీసుకెళ్ళే రోజున పైడమ్మే నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఫ్యాక్టరీలో నాకు ఎన్ని పరీక్షలు పెట్టారో లెక్కలేదు, నిమ్మకాయల పరీక్ష మాత్రం పెట్టలేదు. తొక్కాను. నెగ్గాననే అనుకుంటున్నాను. హారతి సిద్ధం చేస్తామంటూ మిగతావాళ్ళు పెద్ద బండిలో ముందు వెళ్ళిపోయారు.

కనకం కొంగు లోపలికి లాక్కుని కూర్చుంది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. భీమిలి రోడ్డు మీద ఒకపక్క సముద్రం, ఒకపక్క కొండ. ఆవిడ రెండూ చూడలేదు.

"ఏటలా చూస్తున్నావు?" అన్నాడు భానోజీ.

"ఎప్పుడూ వెనకనుంచి మీ మెడే కనిపించేది. బండి నడుపుతుంటే మీ మొహం ఇలాగుంటాదా?"

ఆయనకి ఎక్కడలేని సిగ్గు వచ్చింది. ఆ సిగ్గులో కాలు గట్టిగా తొక్కేశాడు. హమ్మయ్య, ఇన్నాళ్ళకి నా సంగతేమిటో చూపిస్తానని నేను గర్జించి ముందుకు దూకాను. ఆవిడ ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది.

"నెమ్మదిగా పోనీండి. ఇల్లొచ్చెస్తాది."

ఆయన కాలు తీసేశాడు. ఆటోలు దాటిపోయాయి, గ్యాసు బండల లారీ దాటిపోయింది, మోపెడ్ మీద చేపల తట్టతో ఒకాయన వెనక్కి తిరిగి జాలిగా చూస్తూ దాటిపోయాడు. అది జరిగి చాలా ఏళ్ళయింది. ఆ రోడ్డు మీద నన్ను దాటని బండి ఈ రోజుకీ లేదు. పోనీండి, మాకేం తొందర లేదు.