ఒక్కరికి సరిపోయే కప్పు

"ఇంత చిన్నదా? ఎంతమందికొస్తది ఇది?" అని అడగని ఇల్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. "ఒక్కరికేనండీ. ఒక్కరికి, ఒకటిన్నర నిమిషం" అని నవ్వుతూ చెప్పాలి. నవ్వాలని మధుసూదన్ సారు మొదటిరోజే చెప్పాడు. మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఆయనకు ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉంది. అక్కడ ఎవరు మైక్రోవేవ్ ఓవెన్ కొన్నా, మర్నాడు నేను వాళ్లింటికి వెళ్లి వాడకం నేర్పి రావాలి. దానికి డెమో అని పేరు. అందులో చేసి చూపించేది కప్పులో కేకు. రెండేళ్లుగా అదే నా ఉద్యోగం.

నాలుగు చెంచాల మైదా, నాలుగు చెంచాల చక్కెర, రెండు చెంచాల కోకో పొడి, చిటికెడు బేకింగ్ పౌడరు, కాసిన్ని పాలు, కాస్త నూనె. ఉండలు లేకుండా కలిపి, లోపల పెట్టి మీట నొక్కితే గాజు తలుపు వెనక కప్పు మెల్లగా తిరుగుతుంది. కేకు పొంగి అంచు దాటి, పడిపోతుందేమో అనిపించి, మళ్లీ సర్దుకుంటుంది. అప్పటికి ఇల్లంతా చాక్లెట్ వాసన.

కప్పు నాదే. మొదట్లో వాళ్లింటి కప్పే అడిగేదాన్ని. శామీర్‌పేటలో ఒకింట్లో షోకేసులోంచి బంగారు అంచు కప్పు తీసిచ్చారు. దాన్ని లోపల పెట్టగానే టపటపమని నిప్పురవ్వలు లేచాయి. ఆ ఇంటి పెద్దాయన "కొత్త మిషిన్ ఖరాబు జేసింది మీ ఆడిమనిషి" అని దుకాణానికి ఫోను చేశాడు. అప్పటినుంచి ఏ అంచూ, ఏ పువ్వూ లేని తెల్ల కప్పు ఒకటి పాత టవల్‌లో చుట్టి నా సంచిలో పెట్టుకుంటున్నాను.

ఓవెన్ వాడబోయేది ఇంటావిడ. మీటలు నేర్చుకునేదీ, మర్చిపోతే తిట్లు తినేదీ ఆవిడే. కానీ ఆ కప్పు ఆవిడ చేతిలో ఉండేది వంటింటి నుంచి హాలు దాకానే. అక్కడ భర్తో, మామో, కొడుకో చెయ్యి చాపి ఉంటారు. ఖాళీ అయిన కప్పు తిరిగొచ్చాక నేను కడిగి టవల్‌లో చుట్టుకుంటాను. ఏ ఇంట్లోనూ ఇది మారలేదు. ఈ ఆడవాళ్లు ఎంత పిచ్చివాళ్లో అనుకుని బస్సులో ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని కూడా.

డెమో మనిషి రుచి చూడకూడదని దుకాణం నియమం. నాకదేమీ కష్టం అనిపించలేదు. రుచి చూడకుండా వండటం నాకు పద్నాలుగేళ్ల అలవాటు. మా అత్తమ్మ దుర్గాబాయికి ఎంగిలి పట్టింపు. వండుతూ వండుతూ నాలుక మీద చుక్క వేసుకుంటే ఆ గిన్నెంతా మైల. మగవాళ్లు తిన్నాకే మా నోటికి. అందుకని ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసనను బట్టి తెలుసుకోవడం నేర్చుకున్నాను. ఏనాడైనా తక్కువైతే మా ఆయన నగేష్ కంచం ముందుకు నెట్టి, "నీకు నాలుక లేదానే?" అంటాడు. ఉంది. అది వాడుకునే వీలే ఈ ఇంట్లో లేదు.

అతను తిన్నాక అదే కంచంలో నేను తినాలి. పెళ్లయిన మొదటిరోజు అత్తమ్మ నన్ను ఆ కంచం ముందు కూర్చోబెట్టి, "మొగని కంచంల తింటె పున్నెం బిడ్డా" అంది. అతను నమిలి పక్కన పెట్టిన మునక్కాడ పిప్పి తీసేసి, పులుసు ఇంకిన అన్నంలో నా అన్నం కలుపుకోవడం కొన్నాళ్లకు చేతులకు అలవాటైంది. మనసు సంగతి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఈ బుధవారం బహదూర్‌పల్లిలో డెమో. కొత్త కాలనీ, పెద్ద ఇల్లు. ఇంటావిడ పేరు సృజన, ముప్ఫై ఉండవు. ఆమె భర్త హరీష్ ప్లాట్ల వ్యాపారం చేస్తాడట. కేకు పొంగుతుంటే ఆ అమ్మాయి ఓవెన్ ముందు వంగి, చిన్నపిల్లలా కళ్లార్పకుండా చూసింది. తీసి ఆమె చేతికిచ్చాను. హాల్లోంచి "అయిందా?" అని కేక. ఆమె వెళ్లింది. ఫోనులో మాట్లాడుతూనే అతను తినేయడం నాకు కనిపిస్తూనే ఉంది. "బాగనే ఉంది గని, గింతంతేనా?" అన్నాడు.

సృజన కప్పు తీసుకుని వెనక్కి వచ్చింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. నా వైపు వీపు తిప్పి, అడుగున అంటుకున్నది అదే చెంచాతో గీకి నోట్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది, "అక్కా, అడుగుది మాడినట్టుంది. మీదిది ఎట్లుంటది?"

"నాకు తెలవదు మేడం" అన్నాను.

"నువ్వు రోజూ చేస్తవు గద?"

నేను సంచిలోంచి టవల్ తీశాను. ఆమె కప్పు నాకివ్వకుండా తనే కడిగి, తన పైట కొంగుతో తుడిచి ఇచ్చింది. ఇన్ని ఇళ్లలో నా కప్పు కడిగిచ్చిన చెయ్యి అదొక్కటే. ఆ రోజు బస్సులో నాకు నవ్వు రాలేదు. మేడ్చల్‌లో దిగి నా డబ్బుతో ఒక కోకో పొట్లం కొన్నాను.

ఓవెన్ మా ఇంట్లోనూ ఉంది. దుకాణంలో గీతలు పడి అమ్ముడుపోని దాన్ని దసరాకు సారు నాకిచ్చాడు. నగేష్ తుర్కపల్లి మందుల కంపెనీ వాళ్ల కారు నడుపుతాడు. అతని చాయ్ వేడి చేయడానికి తప్ప దాని తలుపు తెరిచింది లేదు.

ఆ సాయంత్రమే అయిదింటికి వంట ముగించి, నా తెల్ల కప్పులోనే కలిపాను. నగేష్ ఏడింటి డ్యూటీకి తయారవుతున్నాడు. అత్తమ్మ గడప దగ్గర చింతపండు గింజలు తీస్తోంది.

"ఏం వాసననే అది?" అన్నాడు నగేష్.

"కేకు. డెమోల చేస్త గద, గదే."

"ఊరందరి మొగోళ్లకు తినవెట్టినంక ఇయ్యాల మొగుడు యాదికొచ్చిండా? తే ఇటు."

"జల్దీ ఇయ్యే, డ్యూటీకి వోతడు" అంది అత్తమ్మ.

నా కాళ్లు అప్పటికే నడుస్తున్నాయి. నా చెయ్యి అప్పటికే చాపి ఉంది. ఎవరి ఇంట్లో ఏ ఆడమనిషి ఎలా నడిచిందో, అచ్చం అలాగే. వంటింటి గడప దాటబోతూ ఆగాను. చెంచా నిండా తీసుకుని నోట్లో పెట్టుకున్నాను.

నాలుక కాలింది. ముందు చేదు. చాలా చేదు. ఆ తర్వాతే తీపి వచ్చింది.

"ఎంగిలి జేస్తివి గదనే! మొగోడు నోట్లె వెట్టకముందే!" అత్తమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"ఇది ఒక్కరికే అత్తమ్మా" అన్నాను. నవ్వకుండా చెప్పడం అదే మొదటిసారి.

నిలబడే సగం తిన్నాను. మిగతా సగం నగేష్ ముందు పెట్టాను. "మిగిలింది. కావాల్నా?"

"థూ! నీ ఎంగిలి నేను తినాల్నా?"

అతనికి కోపం వచ్చి ఉంటే నేను భయపడేదాన్నేమో. కోపం కాదు. ఒళ్లు జలదరించినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నిజమైన అసహ్యం. పద్నాలుగేళ్లుగా రోజూ నేను తింటున్నదేమిటో ఆ ముఖం చూశాక తెలిసింది.

అన్నం వడ్డించాను. తిన్నాడు. ఎప్పటిలాగే కంచం నా వైపు జరిపి, బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ కంచం తీసుకెళ్లి అంట్ల తొట్లో వేశాను. పై అరలో చుట్టాల కోసం దాచిన స్టీలు కంచం దించి, కడిగి, నా ముందు పెట్టుకున్నాను.

అత్తమ్మ చూసింది. ఆమె ఏమంటుందోనని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆమె చింతగింజలు ఒకదాని తర్వాత ఒకటి గిన్నెలో వేసింది.

"మీ మామ సచ్చిపోయినంక గని నాకంటు ఒక కంచం గాలె" అంది ఆమె తల ఎత్తకుండానే. "సల్లారుతాంది. తిను."