పద్నాలుగో నంబరు పాట

సినిమా సంగీత దర్శకులకిచ్చే అవార్డు కోసం వయొలిన్ మాస్టారు, తబలా ఆయన, ఒక గాయని రికార్డింగ్ గదిలో కూర్చుని పాటలకు మార్కులు వేస్తున్నారు. పాటలకు పేర్లుండవు, నంబర్లే. పద్నాలుగోది మొదలవగానే మాస్టారి కలం ఆగిపోయింది. పల్లవిని ఒక్క పిసరు ఆలస్యంగా ఎత్తుకోవడం సంగీత దర్శకుడైన ఆయన కొడుకు అలవాటు. చిన్నప్పుడు దానికోసమే వాణ్ణి తిట్టిపోశారు. పెద్దయ్యాక వాడి పాటలు వినడమే మానేశారు. వాడు పోయి రెండు నెలలైంది.

"ఇది మావాడిది," అంటూ లేచారు. అయినవాళ్ల పాట వస్తే బయటికి వెళ్లాలన్నది నియమం.

"మీవి పాము చెవులు మాస్టారూ! మేం ఆ మాట విననే లేదు, కూర్చోండి," అన్నాడు తబలా ఆయన.

"వద్దులే నాయనా."

లోపలి శబ్దాన్ని బయటికి రానివ్వని తలుపు అది. మాస్టారు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

చాలాసేపటికి గాయని వచ్చింది. "ఒక్క మార్కుతో అవార్డు పోయింది మాస్టారూ. మీరుండి ఉంటే..."

"వాడున్నప్పుడూ ఆ ఒక్క మార్కు వేయనిది నేనేనమ్మా." తలుపు వైపు తిరిగారు. "ఆ పాట ఇంకోసారి పెట్టిస్తావా, చివరిదాకా?"