రెండు బల్లల నడుమ

ఆ రోజు కుర్మయ్య కోసం రక్తం కడిగే మిషన్ ఖాళీగానే ఉంది. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. సూది గుచ్చే నర్సమ్మ చేతులకు తొడుగులు వేసుకుని ఎదురుచూస్తూ ఉంది. లేనిదల్లా బల్లల దగ్గర కూర్చున్న వాళ్ల నోట ఒక్క మాట. ఆ మాట కోసం దుర్గాబాయి పొద్దున్నుంచి మొగుణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి దవాఖాన ఈ చివరి నుంచి ఆ చివరికి తోస్తూనే ఉంది.

మేడ్చల్ హైవే మీద నరసింహ పటేల్ కట్టించిన అద్దాల దవాఖాన అది. ఒకప్పుడు అక్కడ పటేల్ జొన్నచేలు. ఆ చేలల్లో కలుపు తీసినవాళ్ల బిడ్డలే ఇప్పుడు ఆ అద్దాలు తుడుస్తున్నారు. దవాఖానను పటేల్ కొడుకు ప్రణయ్ నడిపిస్తాడు. ఆ బాబుకు ఇంకో వ్యాపారం కూడా ఉంది. జీడిమెట్ల మందుల కంపెనీలకు కాంట్రాక్టు మీద కూలీల్ని తోలడం. మనిషిని పనిలో పెట్టి పిప్పి చేసేదీ ఆయనే, పిప్పయినవాణ్ణి బాగుచేస్తానని బోర్డు కట్టిందీ ఆయనే. ఎంత దయ చూడండి!

దవాఖానలో బల్లలు రెండు. గుమ్మం పక్కన ఉన్నది తెల్లకార్డు బల్ల, పేదోళ్లకు సర్కారు ఇచ్చే ఉచిత వైద్యానిది. ఆ చివర, మందుల షాపు దాటాక ఉన్నది కంపెనీ కార్డు బల్ల, కార్మికుల జీతంలో కోసి కట్టే బీమాది. రెండిట్లోనూ ఉన్నది జనం సొమ్మే. కానీ ఆ బల్ల ఏం చెప్పిందో ఈ బల్లకు పట్టదు.

"అమ్మా, మీ కొడుకు కంపెనీ కార్డుల మీ ఆయన పేరున్నట్టు చూపిస్తాంది. మా దిక్కెళ్లి ఇయ్యరాదు. ఆడికి పోండ్రి" అంది తెల్లకార్డు బల్ల దగ్గరి పిల్ల స్రవంతి.

దుర్గాబాయి కుర్చీ తోసుకుంటూ ఆ చివరికి పోయింది.

"నీ కొడుకు కాంట్రాక్టు అయిపోయింది గదా పెద్దమ్మ. గీ కార్డు సచ్చిపోయింది. తెల్లకార్డు కాడికి పో" అన్నాడు అక్కడి గుమస్తా హరీష్.

"సచ్చిందని ఒక కాయితం మీద రాసియ్యి బిడ్డా. గా పిల్లకు చూపిస్త."

"రాసియ్యొద్దన్నరు. పైకెళ్లి ఆర్డరు."

మళ్లీ ఇటు. మళ్లీ అటు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. దారిలో గోడవారన కాళ్లు లేనివాళ్లు, చూపు లేనివాళ్లు, ఊపిరి అందని ముసలివాళ్లు ఎందరో. అందరికీ ఇదే తిరుగుడు.

ఈ ముడి పడింది ఎక్కడో కాదు, ప్రేమ దగ్గరే. కొడుకు పరమేష్‌కు జీడిమెట్లలో పని దొరికిన రోజు, కార్డులో ఎవరి పేర్లు రాయాలో చెప్పమంటే, అమ్మానాయినల పేర్లు రాయించాడు. సూరారంలో గల్లీ అంతా లడ్డూలు పంచాడు. పేర్లు అక్కడ ఎక్కగానే తెల్లకార్డు వైద్యంలోంచి ఎగిరిపోతాయని ఒక్కడూ నోరు విప్పి చెప్పలేదు. ఆ తర్వాత ప్రణయ్ తన కూలీలందరికీ ఇచ్చేదే పరమేష్‌కూ ఇచ్చాడు. దాని పేరు 'బ్రేక్'. కొన్నాళ్లు పని, కొన్నాళ్లు ఇల్లు, మళ్లీ కొత్త కూలీ లెక్కన చేరిక. ఎవడికీ హక్కు పుట్టకుండా కనిపెట్టిన తెలివి. బ్రేక్‌తో కంపెనీ కార్డు చచ్చింది. పోయిన తెల్లకార్డు తిరిగి రాలేదు. కుర్మయ్య రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

"దుర్గా, గొంతెండుతాంది. గిన్ని నీళ్లియ్యే" అన్నాడతను.

"ఇయ్యరాదు. నీళ్లు తాగితే ఊపిరి ఆడదని డాక్టరమ్మ చెప్పింది గద. మిషన్ ఎక్కినంక తాగుదువు, జర ఓపిక పట్టు."

కంపెనీలో రసాయనం డ్రమ్ములు కడిగి కడిగి కిడ్నీలు పోగొట్టుకున్న మనిషి అతను. వయసంతా నీళ్లలో నిలబడి పని చేశాడు. ఇప్పుడు గ్లాసెడు నీళ్లకు పెళ్లాం ముఖం చూస్తున్నాడు. మధ్యాహ్నం బల్లలు రెండూ భోజనానికి లేచాయి. రేపు రమ్మన్నారు. ఆటోలో సూరారం మలుపు కూడా దాటలేదు, కుర్మయ్య తల దుర్గాబాయి భుజం మీదికి వాలింది. నిద్ర పట్టిందనుకుంది పిచ్చి తల్లి. ఆటో అతను వెనక్కి తిరిగి చూసి బండి ఆపేశాడు.

"నీళ్లన్న ఇయ్యకపోతిని" అని ఆమె రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. "గుక్కెడు నీళ్లన్న ఇయ్యకపోతినయ్యా!"

దశదినానికి చుట్టాలకంటే దవాఖానలో ఆమెలాగే తిరిగిన జనమే ఎక్కువ వచ్చారు. పోలియో కాళ్లతో మూడు చక్రాల స్కూటర్ మీద తిరిగే దేవేందర్ వచ్చాడు. వికలాంగుల సంఘం అతనిదే. ప్రెస్సు కింద నాలుగు వేళ్లు పోయిన ముసలి ఫిట్టర్ తన దోస్తులతో వచ్చాడు. భోజనాలయ్యాక ఎవరూ లేవలేదు.

"పటేల్ కాళ్ల మీద పడదాం. ఓట్లప్పుడు మన గల్లీకొచ్చి ముసలోళ్లందరికి దండం పెట్టిండు గద" అన్నాడొకడు.

"దండం పెట్టిండు, ఓటు వట్టుకపోయిండు. గాయన ఇచ్చేదేమన్నుంటే గిన్నేండ్లల్ల ఇయ్యకపోవునా?" అన్నాడు ఫిట్టర్.

"అర్జీ పెడదాం."

దేవేందర్ నవ్వాడు. "పెట్టినం తమ్మి. పెద్దాఫీసుకు పోతే లిఫ్టు బందన్నరు. చేతుల మీద పాక్కుంట మెట్లెక్కిన. నేను పైకి పొయ్యెటాళ్లకు సారు కిందికి దిగిపోయిండు."

నవ్వాల్సిన మాటే. ఎవరికీ నవ్వు రాలేదు. అప్పుడే మూల నుంచి పరమేష్ గొంతు వినిపించింది.

"నేనే సంపిన అమ్మా. పేరు రాయించింది నేనే."

దుర్గాబాయి లేచి వెళ్లి కొడుకు గదవ పట్టుకుని ముఖం పైకెత్తింది. ఆమె కళ్లలో తడి లేదు.

"నువ్వు పేరే రాయించినవ్ బిడ్డా. నీకు బ్రేకిచ్చి గా కార్డును సంపినోడు వేరే ఉన్నడు. కార్డు సచ్చిందని కాయితమిస్తే వాని దొంగ బ్రేకులు బయట పడ్తయని రాసియ్యనియ్యలే. నువ్వు గిట్ల కుమిలి కుమిలి ఏడుస్తుంటే వాడు నిమ్మళంగ పండుకుంటడు. లే!"

పదిమంది వైపు తిరిగింది.

"ఇన్ని దినాలు మనం గా బల్లకు గీ బల్లకు తిరిగినం. కాళ్లు లేనోళ్లం, ఊపిరి లేనోళ్లం తిరిగినం. ఇగ మనం తిరిగేది లేదు. బల్లలే తిరగాలె."

సోమవారం పొద్దున ఎవరికి వాళ్లుగా కాదు, అందరూ కలిసి వచ్చారు. చంక కర్రలు, చక్రాల కుర్చీలు, మూడు చక్రాల బళ్లు దవాఖాన గుమ్మం నిండా పట్టాయి. సెక్యూరిటీవాళ్లు ఎవరిని నెట్టాలో తెలియక చూస్తూ ఉండిపోయారు. నెడితే పడి చచ్చేలా ఉన్నారు అందరూ. ఫిట్టర్, అతని దోస్తులు, పరమేష్ కలిసి కంపెనీ కార్డు బల్లను కంప్యూటర్‌తో సహా లేపారు.

"అరె, ఏం జేస్తున్నరు! నా నౌకరి పోతది!" అని హరీష్ మొత్తుకున్నాడు.

"నీ కుర్చి గూడ తెస్తం, పరేషాన్ గాకు" అన్నాడు దేవేందర్.

బల్ల మందుల షాపు దాటింది, నడవా దాటింది, తెల్లకార్డు బల్లకు ఆనుకుని దిగింది. స్రవంతి, హరీష్ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. ఒకే దవాఖానలో పనిచేస్తున్నా వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి కావచ్చు.

ముందు వరసలో ఉన్న ముసలమ్మ కార్డు చూసి స్రవంతి అడిగింది, "హరీష్, ఈమె కంపెనీ కార్డు నడుస్తాందా?"

హరీష్ జనాన్ని చూశాడు. "సచ్చిపోయింది."

"గదే రాసి ముద్ర కొట్టు. నేను అర్జెంటు కింద పాస్ చేస్త."

రాశాడు. ముద్ర కొట్టాడు. ఆమె పాస్ చేసింది. నర్సమ్మ ముసలమ్మను లోపలికి తీసుకుపోయింది. చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

దుర్గాబాయి ఆ ముద్ర వైపు చూసింది. ఇంతేనా? ఒక మనిషి పక్కమనిషిని ఒక మాట అడగడం, పక్కమనిషి జవాబు చెప్పడం, ఇంతేనా? ఇంత చిన్న పనికా తన పెనిమిటి దప్పికతో చచ్చింది? ఆ క్షణాన వచ్చినంత కోపం ఆమెకు శ్మశానంలో కూడా రాలేదు. రెండు చేతులతో బల్లను దబదబా బాదింది.

"గింతే పనా! గిద్దానికా మమ్ముల్ని సంపిండ్రు!"

ఇంకొందరు లోపలికి పోయాక ప్రణయ్ పోలీసుల్ని వెంటబెట్టుకుని దిగాడు.

"పాసైనోళ్లు మిషన్లు ఎక్కండ్రి. మిగతావాళ్లు బయటికి నడువుండ్రి. బల్ల ఎక్కడిది అక్కడ పెట్టాలె" అన్నాడు. జనాన్ని రెండుగా చీల్చడం పటేల్ ఇంట్లో ఉగ్గుపాలతో నేర్పుతారు.

పాసైన ఒక ముసలాయన వెనక్కి తిరిగి నిలబడ్డాడు. దుర్గాబాయి అతన్ని కసిరింది. "పోవయ్యా, మిషనెక్కు! నువ్వు బతికుంటేనే గద రేపు మల్ల కొట్లాడేది!"

వరసలో మిగిలినవాళ్లు మాత్రం కదల్లేదు. బల్ల మీద చేతులు వేశారు. వేళ్లున్న చేతులు, వేళ్లు లేని చేతులు.

ఎస్సై ఆమె దగ్గరికొచ్చాడు. "ఏయ్, నీ పేషెంట్ ఎవరు? పేషెంట్ లేకుండ నీకేం పని ఈడ?"

"నా పేషెంట్ సచ్చిండు సారూ. గందుకే నాకిప్పుడు మస్తు తీరిక దొరికింది."

ఆమెను, దేవేందర్‌ను, పరమేష్‌ను వ్యాన్ ఎక్కించారు. సర్కారు పనికి అడ్డు తగిలారని, ఆస్తికి నష్టం చేశారని కేసు. బల్ల మీద గీత పడిందట! కుర్మయ్య చావుకు మాత్రం కేసు లేదు. ఆ రెండు బల్లలూ సాయంత్రానికి మళ్లీ వేరువేరు మూలలకు చేరిపోయాయి. హరీష్ నౌకరీ ఊడింది.

బెయిలు మీద బయటికొచ్చిన మర్నాడే దుర్గాబాయి దవాఖానకు పోయింది. ఆమె వెనక మొన్నటికంటే ఎక్కువ మంది ఉన్నారు. హరీష్ కూడా ఉన్నాడు. కంపెనీ కార్డు బల్ల కాళ్లకు ఇనుప పట్టీలు వేసి, నేలకు బోల్టులు బిగించి ఉన్నాయి. పక్కన ప్రణయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇగ లేపుండ్రి చూద్దాం" అన్నాడు నవ్వుతూ.

దుర్గాబాయి వంగి బోల్టుల వైపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి ఫిట్టర్‌ను, అతని దోస్తుల్ని చూసింది. జీడిమెట్లలో బతుకంతా బోల్టులు బిగించీ, విప్పీ చేతులు అరగదీసుకున్నవాళ్లు. బోల్టుల సంగతి హరీష్ వాళ్లకు ముందే చెప్పి ఉంచాడు. ఫిట్టర్ మందుల సంచిలో చెయ్యి పెట్టి పానా తీశాడు. అతని పక్కవాడూ తీశాడు. ఇంకొకడు, ఇంకొకడు. కర్రలు పక్కన పెట్టి ఒక్కొక్కరే నేల మీద కూర్చున్నారు.

ఆమె చీర కొంగు నడుముకు బిగించి బల్ల అంచు పట్టుకుంది.

"విప్పుండ్రి" అంది.