మంత్రి పని

"ఖాళీగానే ఉన్నావుగా, ఇలా వచ్చి కాస్త ఈ ఊళ్ళు చూడు" అన్నాడు భర్త. అప్పుడామె ఒళ్ళో సగం మడతపెట్టిన దుప్పటి ఉంది. పక్క కుర్చీ నిండా ఆరిన బట్టల కుప్ప ఉంది. పొయ్యి మీద కుక్కర్ కూతకి సిద్ధంగా ఉంది. అన్నీ ఉన్నా ఆ మనిషి కంటికి ఆమె ఖాళీగానే కనిపించింది. ఆ మాటకి కొత్తగా బాధపడటం ఆమె ఎప్పుడో మానేసింది. దుప్పటి పక్కన పెట్టి, వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది.

అదొక పాతకాలపు రాజ్యాల ఆట. తెర మీద నదులు, రాతి కోటలు, గుళ్ళు, గడ్డాల సేనాపతులు. ఆదివారం మధ్యాహ్నం భర్త స్నేహితులు ముగ్గురు తమ ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని ఈ హాల్లోకే వచ్చేవారు. ఒక్కొక్కరిదీ ఒక్కో రాజ్యం. చివరిదాకా నిలిచినవాడు చక్రవర్తి. భర్తకి యుద్ధమంటే ప్రాణం. ఏ ఊళ్ళో ధాన్యం నిండుకుందో, ఏ గుళ్ళో పూజలాగిపోయి జనం గొణుగుతున్నారో, ఏ సేనాపతి అలిగి కూర్చున్నాడో చూడమంటే మాత్రం ఒళ్ళు మంట. "అదంతా మంత్రి పని" అనేవాడు. ఆటలో నిజంగానే 'మంత్రికి అప్పగించు' అని ఒక మీట ఉంది. అది నొక్కితే ఊళ్ళ సంగతి కంప్యూటరే చూసుకుంటుంది, కాకపోతే మొక్కుబడిగా చూసుకుంటుంది. ఇంట్లో పెళ్ళాం ఉండగా ఆ మీటతో పనేముంది?

మొదటి రోజు ఆమెకి తెర మీద ఏదీ అర్థం కాలేదు. రెండో ఆదివారానికి నవ్వొచ్చింది. ఇదంతా తను ఏళ్ళ తరబడి చేస్తున్నదే. బియ్యం డబ్బా అడుగంటకముందే మూత తీసి చూసుకోవడం, అడగకముందే అందించడం, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదో గుర్తుపెట్టుకోవడం. తను పొద్దున పూట పనిచేసే పళ్ళ డాక్టరు దగ్గరా ఇంతే. నొప్పితో, కోపంతో వచ్చినవాళ్ళని ఆమె మాటలతో నిమ్మళపరిచి లోపలికి పంపుతుంది. "నీకేంటమ్మా, ఫోన్లెత్తడమేగా" అంటాడు డాక్టరు. ఆమె సెలవు పెట్టిన రోజున బయట గదిలో అరుపులు ఎందుకు వినిపిస్తాయో ఆయనకి ఇప్పటిదాకా అనుమానమే రాలేదు. రాకపోతే పోనీ అనుకునేది. కానీ ఈ ఆటలో ఒక తేడా ఉంది. ఇక్కడ చేసిన పని కంటికి కనిపిస్తుంది. ధాన్యం పంపితే ఊరు పెరుగుతుంది. గుడి బాగుచేస్తే జనం గొణగడం మానేస్తారు. గిన్నెలు తోమితే మళ్ళీ గిన్నెలే పడతాయి తప్ప ఏ ఊరూ పెరగదు.

సోఫాలో కూర్చునే అత్తగారు మొదట్లో మూతి విరిచింది, సంసారికి ఈ ఆటలేంటని. తర్వాత కళ్ళజోడు సవరించుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఒక గుబురుగడ్డం సేనాపతిని చూపించి, "వీడెవడే, అచ్చం మా బావగారిలా మొహం మాడ్చుకుని కూర్చున్నాడు" అంది. ఆ బావగారు తనకంటే ముందు ఇంకొకరికి వడ్డిస్తే విస్తరి ముందునుంచి లేచిపోయే రకమట. ఆయనతో ఎలా వేగారు అత్తయ్యా అని కోడలు అడిగింది. "దూరంగా కిటికీ దగ్గర మంచి కుర్చీ వేసి, ప్రతిదానికీ మీరేమంటారని అడిగేదాన్ని. ఏమన్నా చేసేదాన్ని కాదనుకో" అంది ఆవిడ. ఆ గడ్డపాయన్ని కోడలు దూరపు కోటకి పంపి పెద్ద బిరుదొకటి తగిలించింది. ఆయన పేరు పెద్దమామయ్య అయింది. అంతకుముందు వారానికోసారి తిరగబడేవాడు, ఆ తర్వాత కిక్కురుమనలేదు.

రాజ్యం పచ్చగా పెరిగింది. స్నేహితులు భర్త భుజం చరిచి "చక్రవర్తీ" అని పిలవసాగారు. ఆయన గడ్డం నిమురుకుని ముందుచూపు గురించి ఉపన్యాసాలిచ్చేవాడు. ఆమె టీ కప్పులు అందిస్తూ ఆ ఉపన్యాసాలు వినేది. లోపల ఎక్కడో మండేది. అది అసూయ కాదు. తన వంటని ఎవరో ఎంగిలి చేసి తమదని వడ్డిస్తుంటే చూస్తున్న మంట.

అంతలో స్నేహితుల్లో ఒకాయన ఉద్యోగరీత్యా ఊరు మారాడు. కొత్త ఆట మొదలుపెట్టాలంటే నాలుగో రాజ్యానికి మనిషి లేడు. మిగిలిన స్నేహితులు బ్యాంకాయన, లెక్కల మాస్టారు, వాళ్ళతో పాటు భర్త తలలు పట్టుకుని కూర్చున్నారు. ఆమె ట్రే బల్ల మీద పెట్టి, "నేను ఆడతాను" అంది.

భర్త నవ్వాడు. "ఊళ్ళు చూడటం వేరు, రాజ్యం ఏలడం వేరు" అన్నాడు. "ఆడనీరా, చెల్లెమ్మని కూడా. ముందు ఓడిపోవడానికి ఎవరో ఒకరు ఉండాలిగా" అన్నాడు బ్యాంకాయన. ఆ మాటకి అందరూ నవ్వారు. భర్త ఒక షరతు పెట్టాడు. ఓడిపోతే ఇంక నేనూ ఆడతానని అనకూడదు, నోరుమూసుకుని మళ్ళీ తన ఊళ్ళే చూసుకోవాలి. సరేనంది. ఇన్నాళ్ళూ పెరిగిన ఆ రాజ్యం ఎవరిదో ఒక్కసారి తేల్చుకోవాలని ఆమెకి గట్టిగా ఉంది. ఎవరికో చూపించడానికి కాదు, తనకి తెలియడానికి.

ఇంట్లో మూలపడ్డ పాత ల్యాప్‌టాప్ తెచ్చుకుని బల్లకి నాలుగో వైపు కూర్చుంది. భర్త 'మంత్రికి అప్పగించు' మీట నొక్కేసి యుద్ధానికి బయలుదేరాడు. వరసగా గెలిచాడు, గెలిచినప్పుడల్లా బల్ల గుద్దాడు. ఆమె మాత్రం కాలవలు తవ్వించింది, గాదెలు కట్టించింది, గుళ్ళకి పూజారులని పెట్టింది. ఇంకా కోట గోడ కూడా కట్టలేదని బ్యాంకాయన జాలిపడ్డాడు.

కొన్ని ఆదివారాలు గడిచాక భర్త లెక్కల మాస్టారి మీద పెద్ద దండయాత్ర మొదలుపెట్టాడు. ఈ ఆటలోనూ తన వాటాకే వచ్చిన గుబురుగడ్డం సేనాపతితో కలిపి, తన ముగ్గురు గొప్ప సేనాపతులనీ ఒకే గుడారంలోకి చేర్చాడు. ముగ్గురికీ ముక్కు మీదే కోపం, ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. పటం మీద అది చూడగానే ఏం జరగబోతోందో ఆమెకి తెలిసిపోయింది. ఇంట్లో ఏ విందు జరిగినా పెద్దమామయ్యలాంటివాళ్ళని ఒక్క బల్ల దగ్గర కూర్చోనివ్వకుండా కాచుకున్నది తనే. విందులన్నీ సవ్యంగా జరిగాయి కాబట్టి అక్కడ ఒక కాపలా ఉందని ఈయనకి తెలియనే తెలియదు.

ముగ్గురూ కొట్టుకున్నారు. ఈలోగా వెనక ఊళ్ళల్లో గాదెలు ఖాళీ అయ్యాయి, జనం రోడ్డెక్కారు. భర్త మొహం తెర వెలుగులో పాలిపోయింది. తలెత్తకుండానే, "ఒక్క నిమిషం ఇటు రా. నా ఊళ్ళు కాస్త సర్దిపెట్టి వెళ్ళు" అన్నాడు.

ఆమె లేచింది. నిజంగానే కుర్చీలోంచి సగం లేచింది. లేవమని మనసు చెప్పలేదు, మోకాళ్ళే లేచాయి. పొయ్యి మీద పాలు పొంగినా, గదిలోంచి 'తువ్వాలు' అని కేక వినిపించినా, ఫోన్ మోగినా లేచే మోకాళ్ళు. ఒక్క నిమిషమేగా అనుకుంది. తన బతుకంతా ఇలాంటి ఒక్క నిమిషాలకే ఇచ్చేసింది. తను లేస్తే తన తెర ముందు ఎవరు కూర్చుంటారు? ఎవరూ కూర్చోరు. ఆ సంగతి అంత స్పష్టంగా ఎప్పుడూ తోచలేదు. బల్ల అంచు పట్టుకుని మళ్ళీ కూర్చుంది.

"నా వంతు నడుస్తోంది" అంది.

అప్పుడే ఆమె తెర మీద కబురొచ్చింది. భర్త కొలువులోని గుబురుగడ్డం సేనాపతి అలిగి, సైన్యంతో సహా ఆమె శరణు కోరుతున్నాడు. వెనకనుంచి అత్తగారు వంగి చూసి, "ముందు బిరుదివ్వు. మిగతాది తర్వాత" అంది. ఆమె బిరుదిచ్చింది, దూరంగా మంచి కోట చూపించింది. ఆ పైన సైన్యాన్ని కదపలేదు. భర్త రాజధానికి ధాన్యం బళ్ళు పంపింది. ఆకలితో ఉన్న ఊరు ఆమెకి కోట తలుపులు తెరిచేసింది, దాంతో భర్త ఆట ముగిసింది.

"ఆ మంత్రి మీట పనికిమాలింది. లేకపోతేనా!" అన్నాడు భర్త.

లెక్కల మాస్టారు కళ్ళజోడు తీశాడు. "మరి ఇన్నాళ్ళూ ఆ మీటతోనే గెలిచావా?" అని అడిగాడు.

బ్యాంకాయన ఒకసారి ఆమెని చూశాడు, తర్వాత తన కోట గోడల్ని లెక్కపెట్టుకున్నాడు. "సొమ్మొకడిది, సోకొకడిది" అని అత్తగారు కొడుక్కి వినిపించేలానే గొణిగింది.

ఇంకా ఇద్దరు రాజులు మిగిలారు. వాళ్ళ గాదెలు ఎలా ఉన్నాయో ఆమె అప్పటికే చూసి పెట్టుకుంది. భర్త ల్యాప్‌టాప్ మూసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆ వారం ఆరిన బట్టల కుప్ప ఉన్న కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఖాళీగానే ఉన్నారుగా" అంది, "ఆ బట్టలు కాస్త చూడండి."