బండి మీద ఓ కన్ను

జబ్బకు రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో రెండు వేళ్ళతో నొక్కి చూసి, సూది దించబోతూ అతను మరోసారి కిటికీలోంచి బయటికి చూశాడు. బండి ఉంది. సూది మాత్రం నరం పక్కన దిగింది.

"అబ్బా!" అన్నాడు మంచం మీది పెద్దాయన. "ఇది రెండోది రా దోమా. ఇదివరకు నువ్వు కుట్టావంటే కుట్టినట్టే తెలిసేది కాదు."

"క్షమించు బాబాయ్" అంటూ అతను చేయి మార్చాడు. మూడోసారి కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుని, ఎలాగో రక్తం తీశాడు.

ఇంటింటికీ తిరిగి రక్తం తీసి ల్యాబుకు చేర్చడం అతని పని. పంతొమ్మిదేళ్ళ కిందట ఓ చిన్నపిల్ల అతన్ని చూసి "అమ్మా, దోమ వచ్చింది" అని తలుపు చాటున దాక్కుంది. ఆ పిల్ల ఇప్పుడు నర్సు అయింది. అతను దోమగానే మిగిలిపోయాడు. అతనికి చదువు పెద్దగా లేదు. మనిషి కూడా చూడగానే గుర్తుండే రకం కాదు. బక్కపలచటి ఒళ్ళు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, దగ్గరికొస్తే స్పిరిటు వాసన. కానీ కంటికి కనిపించని నరాన్ని వేలి కొసతో పట్టుకోవడంలో అతని తర్వాతే ఎవరైనా. ఒక్క పోటుతో పని అయిపోవాలి. అదొక్కటే అతని గొప్ప.

ఆ గొప్పకు గండి పడి రెండు నెలలైంది. ఓ ఇంట్లో ఐదు నిమిషాల పనేనని రక్తం సీసాల డబ్బా బండికే వదిలేసి పైకెళ్ళాడు. దిగేసరికి బండీ లేదు, డబ్బా లేదు. డబ్బాలో పదకొండు మంది రక్తం. ఆ దొంగకు అంత రక్తంతో ఏం పనో! మర్నాడు ఆ పదకొండు ఇళ్ళకూ వెళ్ళి, తలొంచుకుని, మళ్ళీ గుచ్చాడు. అందరూ మళ్ళీ చేయి చాచి ఇచ్చారు. తిట్టినా బాగుండేది.

పాత బండి ఒకటి కొనుక్కున్నాడు గానీ భయం మాత్రం కొత్తగానే ఉంది. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్ళినా "వెలుతురు కావాలండీ" అని రోగిని కుర్చీతో సహా వీధి కిటికీ దగ్గరికి జరిపిస్తున్నాడు. "ఇరవై ఏళ్ళలో నన్ను ఇన్నిసార్లు తొంగి చూసిన పాపాన పోలేదు" అని భార్య దెప్పుతోంది. వీధి వైపు కిటికీ లేని ఇళ్ళలో రెండేసి మూడేసి సార్లు గుచ్చాల్సి వస్తోంది. ల్యాబు యజమాని కూడా చెప్పేశాడు: ఇంకోసారి ఇలా జరిగినా, ఇంకో నాలుగు ఫిర్యాదులొచ్చినా ఇళ్ళ పని వేరేవాళ్ళకిస్తాను, నువ్వు లోపల కూర్చుని సీసాలకు చీటీలు అంటించుకో అని. 

"మధ్యాహ్నం బండికి, అదెక్కడుందో ఫోన్లో చూపించే ట్రాకర్ పెట్టిద్దామనుకుంటున్నా బాబాయ్. ఎవరినడిగినా తలో మాట చెబుతున్నారు."

"దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయట."

"రెండు నెలలే బాబాయ్."

"సరే, నీ కుక్కలు తొందరగానే మొరిగాయి" అని పెద్దాయన నవ్వాడు. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా ఊళ్ళోని స్తంభాలన్నీ ఎక్కి దిగిన మనిషి. ఇప్పుడు గుండె బలహీనపడి, గుమ్మం దాటి ఏడాదిన్నర అయింది. రక్తం పలచబడే మందులు వాడుతున్నాడు కాబట్టి వారానికోసారి దోమ రావలసిందే.

"ఏది కొన్నా రెండు సంగతులు చూసుకో" అన్నాడాయన. "దొంగ బ్యాటరీ తీగ పీకేస్తే అదెంతసేపు బతుకుతుంది? నువ్వు బండి ఆపి తాళంచెవి తీసేశాక బతికుంటుందా? బండి నడిచేటప్పుడు దాంతో నీకేం పని, బండి మీద నువ్వే ఉంటావు కదా! ఇంకోటి. బండికేమైనా అయితే కబురొచ్చే నంబర్లలో రెండోది నాది పెట్టించు. కూర్చుని చేసే ఉద్యోగం, జీతం అడగన్లే."

మధ్యాహ్నం ఫోన్ల కొట్టుకెళితే, కొట్టువాడు గాజుబల్ల మీద మూడు రకాల ట్రాకర్లు పరిచాడు. మొదటిది నాణెమంత ఉంది. "దీనికి సిమ్ము కూడా అక్కర్లేదన్నా. చుట్టుపక్కల ఎవరి ఫోనున్నా చాలు, పట్టిస్తుంది."

"ఎవరూ లేని చోటైతే?"

"ఎవరూ లేని చోట దొంగ ఎందుకు పెడతాడన్నా?"

అక్కడే కదా పెట్టేది, అనుకున్నాడు దోమ. రెండోది అయస్కాంతంతో అతుక్కునేది. వారం వారం తీసి చార్జింగు పెట్టుకోవాలి. తన ఫోనుకే పెట్టుకోవడం మరిచిపోయే మనిషి అతను. మూడోదానికి సొంత సిమ్ముంది, బండి బ్యాటరీకి కలిపే తీగలున్నాయి, తీగ పీకినా కొన్ని గంటలు నడిచేలా లోపల చిన్న బ్యాటరీ ఉంది. కాస్త బరువు, చూడ్డానికి మొరటు. అదే ఇమ్మన్నాడు.

కొట్టువాడు సీటు విప్పి పది నిమిషాల్లో బిగించేశాడు. దోమ ఫోన్లో మ్యాపు మీద ఆకుపచ్చ చుక్క వెలిగింది. అవతల ఇంట్లో పెద్దాయన కోడలు ఆయన ఫోన్లోనూ ఆ మ్యాపు తెరిచిపెట్టింది.

"కనబడుతున్నావు" అన్నాడాయన ఫోన్లో. "ఇప్పుడు తాళంచెవి తీయ్."

తీశాడు. నిమిషం గడిచింది.

"ఆరిపోయావు రా!"

కొట్టువాడు తల గోక్కున్నాడు. తాళంచెవి పెట్టి తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు కలిపాడు. ట్రాకర్ లోపలి బ్యాటరీ అప్పుడే విప్పిన కొత్త సరుకు, అందులో చార్జింగు చుక్కయినా లేదు. "అందరికీ ఇలాగే పెడతానన్నా. బండి బ్యాటరీ దిగిపోదని. ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"ఫోను అతనికియ్యి" అన్నాడు పెద్దాయన. ఏం చెప్పాడో గానీ కొట్టువాడు నాలుగుసార్లు "సరేనండీ" అని, మధ్యలో ఫ్యూజు వేసి, నేరుగా బ్యాటరీకి కలిపాడు. ఓ గంట చార్జింగు ఎక్కనిచ్చి తాళంచెవి తీసి చూశారు, చుక్క ఆరలేదు. బ్యాటరీ తీగ ఊడదీసి చూశారు. రెండు ఫోన్లూ ఒకేసారి కేకపెట్టాయి. ఆ కేక వినగానే దోమ మొహం రెండు నెలల తర్వాత మొదటిసారి విచ్చుకుంది.

దారిలో మళ్ళీ ఫోను మోగింది. బండి పక్కకు ఆపాడు.

"కుడివైపు తిరిగావేం? ఎడమవైపైతే దగ్గర కదా?"

"అక్కడ రోడ్డు తవ్వేశారు బాబాయ్."

"నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ తవ్వే ఉండేది" అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో హుషారు దోమ ఎన్నడూ వినలేదు. ఏడాదిన్నరగా మంచం పట్టిన మనిషి ఊరంతా తిరుగుతున్నాడు మరి. "సరే పోనీ, నువ్వు నీ పని చూసుకో. బండి సంగతి నేను చూస్తా."

చివరి ఇల్లు బొత్తాలు కుట్టే ఆవిడది. మూడో అంతస్తు, వెనక గది, అసలు కిటికీయే లేదు. ఆవిడ నరాలు దాగుడుమూతలాడే రకం. పోయిన నెల ఇక్కడే నాలుగుసార్లు గుచ్చి, ఆవిడ కళ్ళనీళ్ళు చూసి, మెట్ల మీద కూర్చుండిపోయాడు అతను. ఇవాళ స్టూలు లాక్కుని నింపాదిగా కూర్చున్నాడు. ఆవిడ చేయి తన అరచేతిలో పెట్టుకుని, వెచ్చబడేదాకా ఆగాడు. వేలి కింద నరం చిన్నగా కదిలింది. ఒక్క పోటు.

"ఎప్పుడు గుచ్చుతావు?" అందావిడ మొహం అటు తిప్పుకునే.

"అయిపోయిందమ్మా."

ఆవిడ నమ్మలేక చేయి చూసుకుంది.  దోమ డబ్బా సర్దుకునే వంకతో కాసేపు తలొంచుకున్నాడు.

ల్యాబులో డబ్బా అప్పగించి, పొద్దున చేర్చిన రక్తానికి వచ్చిన పెద్దాయన రిపోర్టు తీసుకుని సాయంత్రం ఆ ఇంటి ముందు ఆగాడు. ఆ మనిషికి కాగితం చేతిలో పెడితే తప్ప నమ్మకం కుదరదు. గుమ్మంలో పక్కింటివాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. కోడలు అతన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మావయ్యగారు పోయి అరగంటైందన్నయ్యా. బాధేం పడలేదు. మధ్యాహ్నమంతా ఫోను పట్టుకునే కూర్చున్నారు. 'బొత్తాలావిడ ఇంటి దగ్గర ఆగాడు, ఇంకా కదల్లేదు, తొందరపడట్లేదు, వాడి చేయి వాడికొచ్చేసినట్టే' అన్నారు. టీ ఇస్తే తాగి, కాసేపు పడుకుంటానన్నారు. లేపబోతే..."

దోమ లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. అలవాటుగా ఆ మణికట్టు అందుకుని, వెచ్చబడుతుందేమోనన్నట్టు రెండు చేతుల మధ్యా పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఒక్క పోటుతో అయిందని చెప్పాలనుకున్న మాట, తాను చెప్పకముందే ఆయనకు తెలిసిపోయిందన్న సంగతి కాసేపటికి మనసుకెక్కింది. ఏడుస్తూనే చిన్నగా నవ్వాడు. రేపు పొద్దున ఎనిమిది ఇళ్ళున్నాయి. అందులో రెండింటికి వీధి కిటికీ లేదు. ఫర్వాలేదు.

చీకటి పడుతుంటే కోడలు దీపం వేసింది. అతను గంట నుంచి అక్కడే ఉన్నాడు. ఒక్కసారి కూడా బయటికి చూడలేదు.

"మావయ్యగారి ఫోను ఆపేయనా అన్నయ్యా?"

"ఉండనీయమ్మా" అన్నాడు.

దిండు పక్కన ఆ ఫోను తెర మీద, సరిగ్గా ఈ ఇంటి గేటు ముందు, ఆకుపచ్చ చుక్క ఒకటి నిలకడగా వెలుగుతోంది.