అభ్యంతరం

నెల మొదటి ఆదివారం మా క్రైస్తవ సంఘంలో ప్రభురాత్రి భోజనపు బల్ల ఉంటుంది. ద్రాక్షరసం పోసే చిన్న గ్లాసులు కడిగిపెట్టడం నా పని. శనివారం సాయంత్రం వాకిట్లో కూర్చుని వాటిని తోముతుంటే మా అత్త తాయమ్మ అరుగు మీద నుంచి అంది:

"గ్లాసులేమో బాగ మెరుస్తాండాయి. కూతురే మసకబారతాంది."

నేను ఇంకో గ్లాసు అందుకున్నాను. స్వప్న ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. రోజూ బస్సులో ఎమ్మిగనూరుకు పోయి వస్తుంది. క్రిస్మస్ అయినప్పటి నుంచి ఇంట్లో ప్రార్థనకు కూర్చుంటుంది గానీ నోరు విప్పదు. పాట పాడదు. వాళ్ళ నాయన ముగించినప్పుడు ఆమెన్ అనదు. మా ఆయన బసవరాజు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. ఊళ్ళో సంఘ పెద్ద. ముందు రోజు ప్రార్థన మధ్యలోనే కళ్ళు తెరిచి, కూతుర్ని కాదు, నన్ను చూశాడు. "ఆడమనిషి మోకాళ్ళు వంగకపోతే ఇల్లు ఇట్లే ఐతాది" అన్నాడు.

ఇదే పిల్ల చిన్నప్పుడు వాక్యాలు తడబడకుండా చెప్పి బహుమతి తెస్తే "బసవరాజు పెంపకం" అన్నారు. ఇప్పుడు నోరు మూసుకుంటే "తల్లి ప్రార్థన సాలదు" అంటున్నారు. నా మోకాళ్ళు ఎప్పుడు వంగలేదు? ప్రార్థన గుడి ఊడ్చేటప్పుడు వంగాయి. పత్తిచేలో వంగాయి. ఆదివారం బడిలో ఊరి పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని, ముక్కులు తుడిచి, పాటలు నేర్పేటప్పుడు వంగాయి. నేను ప్రార్థన చేసేది పొయ్యి దగ్గర, సద్దిమూట నెత్తిన పెట్టుకుని నడిచే దారిలో. కళ్ళు మూసుకునే తీరిక ఉండదు కాబట్టి అది ప్రార్థన లెక్కలోకి రాదు. అయినా ఈ మధ్య నాకే అనుమానం పట్టుకుంది. నిజంగానే నాలో ఏదో తక్కువైందేమో, నా బిడ్డ నా చేతుల్లోంచి జారి దేవునికి దూరంగా పోతోందేమో అని అన్నం కూడా సరిగా దిగడంలేదు.

గ్లాసుల పళ్ళెం మోయడానికి స్వప్న నాతో గుడికి వచ్చింది. లోపల ఎవరూ లేరు. పళ్ళెం దించాక మెల్లగా అడిగాను.

"ఏం పాపా, దేవుని మీద అలిగినావా?"

"దేవుని మీద కాదు మా. నాయన సెప్పే దేవుని మీద."

స్వప్న ఆగలేదు.

"సంతోషికి పెండ్లి ఖాయం సేసిన దినం నాయన ఏమని ప్రార్థన సేసినాడు? ఇది దేవుని చిత్తం అన్నాడు. దానికి పదహారేండ్లు గూడా నిండలా. అది సున్నీ నోట్లో కుక్కోని ఏడుస్తాంటే అందరూ ఆమెన్ అన్నారు. నేను యాల అనల్ల?"

సంతోషి పదో తరగతి పిల్ల, మా స్వప్న వెంటే తిరిగి పెరిగింది. ఆ రోజు నేను వాళ్ళ ఇంటి వెనక అన్నం గుండిగ దగ్గర ఉన్నాను. ఆమెన్ వినపడింది. ఏడుపు వినపడలేదు.

"ఏడ్చే బిడ్డ గొంతు దేవుడు ముందుగాల వింటాడని ఈ గుడిలోనే గదమ్మా నువ్వు మాకు నేర్పింది?"

నేను చాప మీద కూర్చున్నాను. ఇన్నాళ్ళూ దేని కోసం ఏడ్చాను? పిల్ల మళ్ళీ పాడాలని, మునుపటిలా తల వంచాలని. నేను నేర్పిందాన్ని నేర్పినట్టు పట్టుకుని నిలబడింది మా ఇంట్లో అదొక్కటే. నాకు ఎప్పుడూ లేనంత బలం వచ్చింది. లేచి నేరుగా సంతోషి తల్లి తిప్పమ్మ ఇంటికి పోయాను.

తిప్పమ్మ మొగుడు పోయినామె. ఏటా మిరపకోతల సుగ్గికి, వలస కూలికి, గుంటూరు పక్కకు పోతుంది. అప్పటికే మూటలు కడుతోంది.

"నాకు మాత్రం ఇష్టమా సువార్తక్కా?" అంది నేను అడగ్గానే. "ఎదిగిన పిల్లను ఒంటిగా యాడ ఇడిసిపెట్టల్ల? నాతో తోడుకపోతే ఆడ గుడారాల్లో పండుకోవల్ల, సదువూ పోతాది. ఆదోనిలో మా అన్న కొడుక్కి ఇస్తే నాకు నిద్దరన్నా పడతాది."

"నా దగ్గర ఇడ్సు. స్వప్న పక్కన పండుకుంటాది. పరీచ్చలు రాస్తాది."

"మీ ఆయప్ప ఒప్పుకుంటాడా?"

"వండేది నేను. ఇంకొక పిడికెడు బియ్యం ఏసేది నేను. ఆయప్పతో నేను మాట్లాడతా."

తిప్పమ్మ మూట ముడి వదిలేసి నా చేయి పట్టుకుంది. "పెద్దోళ్ళ ముందర నాకు నోరు రాదక్కా."

మా ఆయనతో ఆ రాత్రే చెప్పాను. చెప్పులు విప్పుతూ విన్నాడు. "పెద్దలు కూర్సోని ఖాయం సేసింది. నడమ నువ్వెవరు? ముందు నీ కూతుర్ని సక్కదిద్దుకో" అని కాళ్ళు కడుక్కోడానికి పోయాడు.

మరుసటి రోజు ఆరాధనలో పాస్టరయ్య పెండ్లి ప్రకటన చదివాడు. వరుని పేరు, వధువు పేరు. "ఈ వివాహం విషయంలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయవలెను" అని, ఎప్పటిలాగే ఆగకుండా కాగితం మడిచేశాడు. ఆ మాట అడిగేది బదులు కోసమని మా సంఘంలో ఎవరూ అనుకోరు.

"నాకుంది పాస్టరయ్యా."

ఆడవాళ్ళ వైపు నుంచి లేచాను.

"సంతోషికి పద్దెనిమిది నిండల్యా. ఈ పెండ్లి తప్పని మీకూ తెలుసు, పెద్దలకూ తెలుసు. వాళ్ళమ్మ సుగ్గికి పోయొచ్చేదాకా పిల్ల నా ఇంట్లో ఉంటాది. అంతకీ సేస్తామంటే పిల్లల్ని కాపాడే పది తొంభై ఎనిమిది నంబరుకు ఫోను సేస్తా."

ముందు కుర్చీలోంచి మా ఆయన లేచాడు. "కూర్సో" అన్నాడు. నేను కూర్చోలేదు. అప్పుడు నా వెనక చాప కదిలింది. తిప్పమ్మ లేచి, తల దించుకునే, "నాకూ ఉంది" అంది.

తల్లే కాదన్నాక పాస్టరయ్య ఏం చేస్తాడు? పెండ్లి ఆగింది. తిప్పమ్మ సుగ్గికి పోయింది, సంతోషి సంచి సర్దుకుని మా ఇంటికొచ్చింది. మా ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. "గుడిలో అందరి ముందర నా పరువు తీసినావు" అన్నదే చివరి మాట. పాస్టరయ్య కబురు పంపాడు: పెద్దలకు క్షమాపణ చెప్పేదాకా ఆదివారం బడి నాకు లేదు. సంతోషి వచ్చిన పొద్దంతా మా అత్త గొణిగింది. చీకటి పడే వేళకు తన దుప్పటి తెచ్చి సంతోషి మీద పడేసి, "సలిగా ఉంది, కప్పుకో" అంది. తనకెన్నేళ్ళకు పెండ్లయిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఆ పై ఆదివారం నేను గుడికి పోయే తెల్లచీర కట్టుకుంటుంటే స్వప్న గడపలో నిలబడింది.

"తప్పయిందని సెప్పేకి పోతాండావా?"

"లేదు."

"మల్ల యాల పోతావు? వాళ్ళు నిన్ను బడిలోంచి తీసేసినారు గదా."

"ఆ గుడి గోడలకు ఇటుకలు మోసిన్నాడు నువ్వు నా కడుపులో ఉంటివి. దాన్ని మీ నాయనోళ్ళకు ఇడిసిపెట్టి నేను యాల బయట ఉండల్ల?"

అది నా కొంగు మడతలు సర్దింది. "నేను రాను మా. ఇప్పుడే రాలేను."

నెల కిందటైతే ఆ మాటకు ఏడ్చేదాన్ని.

"రావద్దులే. సంతోషికి లెక్కలు సెప్పు."

ఒక్కదాన్నే పోయాను. నన్ను చూసి పాస్టరయ్య పాట మధ్యలో ఒక చరణం తప్పాడు. నేను ఆడవాళ్ళ వైపు మొదటి చాప మీద కూర్చున్నాను. పక్కన ఒక మనిషికి సరిపడా జాగా వదిలాను. వెనక నుంచి ఎవరో భుజం తట్టి, "రోంత జరుగు సువార్తమ్మా, ఆడ ఖాళీ ఉంది గదా" అన్నారు.

"ఖాళీ కాదు. అది నా కూతురి సోటు" అన్నాను. జరగలేదు.